ఫిఫ్త్ వీల్‌లో గ్రే వాటర్: ఏ ఏర్పాటు ఎవరికి సరిపోతుంది

ఫిఫ్త్ వీల్ ఆర్వీ అంటే పికప్ ట్రక్కు బెడ్‌లోని హిచ్‌కి తగిలించి లాగే, ఇల్లులాంటి ట్రెయిలర్. దానిలో సింకులు, షవర్, వాషింగ్ మెషీన్ నుంచి దిగే నీళ్లన్నీ చేరేది గ్రే ట్యాంకులోకి. టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంకు. దాని దగ్గర ఎవరూ చెప్పకుండానే అందరూ జాగ్రత్తగా ఉంటారు. గ్రే అంటేనే అలుసు, సబ్బు నీళ్లే కదా అనుకుంటారు. తీరా జులైలో టెక్సస్ ఎండకు బండి కాగినప్పుడు లోపల కొట్టే కంపు చాలాసార్లు వంటింటి గ్రే ట్యాంకుదే అవుతుంది.

కొత్తగా బండి కొనబోయేవాళ్లు, ఉన్న బండిలో ఏదో ఒకటి మార్చుకుందామనుకునేవాళ్లు గ్రే ట్యాంకు విషయంలో తేల్చుకోవలసిన ఎంపికలు చాలానే ఉన్నాయి. ట్యాంకు ఖాళీ చేసే వాల్వు ఏ రకం, పంపు కొనాలా, సింకు కింది ట్రాప్ మార్చాలా, కంపు పోవడానికి ట్యాంకులో మందు పోయాలా? నా లెక్కలో ముందు వాల్వు మీద, గాలి దారి మీద ఖర్చు పెట్టాలి. పంపులు, టోట్‌లు (మురికి నీళ్లు మోసే చక్రాల ట్యాంకులు) మీరు ఎక్కడ దిగుతారన్నదాన్ని బట్టి. రంగురంగుల మందు సీసాలు అన్నిటికంటే చివర. షాపులో మాత్రం ఎదురుగా కనిపించేవి ఆ సీసాలే.

బండి కింద ఏముంది

అమెరికాలో ఆర్వీల తయారీకి కేంద్రం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ ప్రాంతం. బయట అంటించిన బ్రాండ్ పేరు ఏదైనా, కింద ఉండే ట్యాంకులు, గేట్ వాల్వులు, నల్లటి ఏబీఎస్ ప్లాస్టిక్ పైపులు దాదాపు ఒకే రకం సరుకు. అందుకే ఫలానా కంపెనీ ప్లంబింగ్ బ్రహ్మాండం, ఫలానాది చెత్త అనే మాటల్ని నేను పెద్దగా పట్టించుకోను. అసలు తేడా లేఔట్‌లో ఉంటుంది.

చిన్న ట్రావెల్ ట్రెయిలర్లలో తరచుగా ఒకటే గ్రే ట్యాంకు ఉంటుంది. ఫిఫ్త్ వీల్‌లో మామూలుగా రెండు: వంటింటికి ఒకటి, స్నానాల గదికి ఒకటి. పెద్ద వాటిలో మూడు కూడా ఉంటాయి. ఒక్కోటి సుమారు 30 నుంచి 60 గ్యాలన్లు పడుతుంది. 40 గ్యాలన్ల ట్యాంకు నిండితే అది 150 లీటర్లు, 330 పౌన్ల పైచిలుకు బరువు. వంటిల్లు వెనక ఉన్న మోడల్‌లో ఈ బరువు ఇరుసుల వెనక పడుతుంది. దాంతో ముందు పికప్ మీద పడాల్సిన పిన్ వెయిట్ తగ్గుతుంది. ఫిఫ్త్ వీల్ మొత్తం బరువులో సుమారు 20 నుంచి 25 శాతం పిన్ మీద ఉండాలి కాబట్టి, నిండు గ్రే ట్యాంకుతో హైవే ఎక్కడం వీలైనంత వరకు మానుకోవాలి. పైగా కొన్ని బండ్లలో ట్యాంకుల్ని మోసేది సన్నని ఇనుప పట్టీలే.

వెనక వంటిల్లు వల్ల ఇంకో తలనొప్పి కూడా ఉంది. చాలా పొడవాటి ఫిఫ్త్ వీల్స్‌లో బ్లాక్ ట్యాంకు, స్నానాల గ్రే కలిసి ఒక అవుట్‌లెట్‌కి వస్తాయి. వంటింటి గ్రే మాత్రం వెనక చక్రాల అవతల వేరే అవుట్‌లెట్‌లో తేలుతుంది. క్యాంప్‌గ్రౌండ్‌లో బండి నిలిపే సైటులో సీవర్ (మురుగు) గొట్టం ఒకటే ఉంటుంది. దీనికి మూడు దారులున్నాయి. ఒకటి, ఇంకో హోస్ కొని వై జాయింట్‌తో రెంటినీ కలపడం. రెండు, బండి కింద శాశ్వతంగా పైపు వేసి రెండు అవుట్‌లెట్లను ఒకటి చేయడం. మూడు, కొనేటప్పుడే ఒకే అవుట్‌లెట్ ఉన్న లేఔట్ ఎంచుకోవడం.

రెండోది వినడానికి ముచ్చటగా ఉంటుంది కానీ లెక్క కుదరదు. సన్నని డ్రెయిన్ పైపుకు అడుగుకు పావు అంగుళం వాలు కావాలి. పదిహేను అడుగులు లాగితే దాదాపు నాలుగు అంగుళాలు దిగాలి. ఛాసిస్ కింద అంత చోటు అరుదు. దిగితే ఏ పెట్రోలు బంకు ఎంట్రన్స్‌లోనో నేలకు గీసుకుంటుంది. కాబట్టి బండి ఇప్పటికే ఉంటే వై జాయింట్, ఇంకా కొనకపోతే ఒకే అవుట్‌లెట్.

ట్యాంకు దేనితో చేశారన్నదీ ఒకసారి చూడండి. ఏబీఎస్ ట్యాంకుకు పగులొస్తే ఏబీఎస్ సిమెంటుతో అతికించవచ్చు. పాలీఎథిలీన్‌కి మామూలు జిగురు ఏదీ పట్టదు, ప్లాస్టిక్ వెల్డింగే గతి. వేరే పైపు కలపాలన్నా ఈ తేడా అడ్డొస్తుంది.

హుకప్ ఉన్న చోట వాల్వు తెరిచి ఉంచాలా?

హుకప్ అంటే సైటులో బండికి ఇచ్చే నీళ్లు, కరెంటు, సీవర్ కనెక్షన్లు. సీవర్ ఉన్నచోట వాల్వు తెరిచి ఉంచాలా అన్నది ఆర్వీ వాళ్ల మధ్య ఎప్పటికీ తెగని వాదన. బ్లాక్ వాల్వు విషయంలో వాదనే లేదు: దాన్ని ఎప్పుడూ మూసే ఉంచాలి. తెరిచి ఉంచితే నీళ్లు జారిపోయి గట్టి మలం ట్యాంకులో కుప్పగా మిగిలిపోతుంది. గ్రేలో అంత ప్రమాదం లేదు కాబట్టే రెండు పార్టీలు తయారయ్యాయి.

తెరిచి ఉంచేవాళ్ల వాదన సులువైనది. నలుగురున్న కుటుంబం, మనిషికి ఐదు నిమిషాల షవర్, నిమిషానికి రెండు గ్యాలన్లు. ఒక పూట స్నానాలకే 40 గ్యాలన్లు, అంటే ట్యాంకు నిండినట్టే. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే, వాళ్లకు నీళ్లు కట్టేసి కట్టేసి స్నానం చేయమని చెప్పలేం. వాల్వు తెరిచి ఉంటే టెన్షన్ లేదు. ట్యాంకు నిండితే నీళ్లు ముందుగా తన్నుకొచ్చేది షవర్ ట్రేలోకే. బండిలో ట్యాంకుకు అన్నిటికంటే దగ్గరగా, కిందుగా ఉండే డ్రెయిన్ అదే కదా.

మూసి ఉంచేవాళ్ల వాదనలో పస ఎక్కువ. వాల్వు తెరిచి ఉంటే ట్యాంకుకూ పార్కు మురుగు లైనుకూ మధ్య తలుపు లేనట్టే. ఆ లైనులోని గ్యాసు, డ్రెయిన్ ఈగలు హోస్ వెంట ఎక్కి ట్యాంకులోకి వస్తాయి. లోపల ఒక్క ట్రాప్ ఎండినా అవి ఇంట్లోకే. రెండో సంగతి, నీళ్లు సన్నగా కారుతూ పోతుంటే వాటితో వచ్చిన జిడ్డు, మెతుకులు ట్యాంకు అడుగున పరుచుకుని అక్కడే మిగిలిపోతాయి. ట్యాంకు నిండాక ఒక్కసారి వాల్వు లాగితే వచ్చే ఉరవడికే అవి కొట్టుకుపోతాయి. మూడోది, బ్లాక్ ఖాళీ చేశాక హోస్ కడగడానికి గ్రే నీళ్లు ఉండాలి. ముందు బ్లాక్, తర్వాత గ్రే అనే వరుస అందుకే. గ్రే తెరిచి ఉంచిన మనిషికి ఆ రోజు హోస్ కడగడానికి చుక్క మిగలదు. అంతకంటే ముఖ్యం, గ్రే తెరిచి ఉండగా బ్లాక్ లాగితే, హోస్‌లో ఎక్కడైనా అడ్డు తగిలినప్పుడు బ్లాక్ నీళ్లు వెనక్కి తన్ని గ్రే ట్యాంకులోకి ఎక్కే వీలుంది. గ్రే ట్యాంకు నేరుగా షవర్‌కి కలిసి ఉంటుందని గుర్తుంచుకోండి.

రెండు ట్యాంకులున్న ఫిఫ్త్ వీల్‌లో మూడో దారి కూడా ఉంది, నాకు నచ్చింది అదే. వారం దాటి ఒకే చోట ఉండేటప్పుడు స్నానాల గ్రే తెరిచి ఉంచండి, వంటింటి గ్రే మూసి ఉంచండి. స్నానాల నీళ్లు ఎక్కువ, కానీ వాటిలో సబ్బూ వెంట్రుకలే ఉంటాయి. వంటింటివి తక్కువ, జిడ్డంతా వాటిలోనే. తెరిచిన హోస్‌ని ఒకచోట కిందికి వంచి, మళ్లీ పైకి లేపి పెడితే ఆ వంపులో నీళ్లు నిలిచి మురుగు గ్యాసును ఆపుతాయి. బ్లాక్ ఖాళీ చేసే ముందు రోజు స్నానాల వాల్వు కూడా మూసేయండి, కడగడానికి నీళ్లు చేరతాయి. రెండు మూడు రోజులే ఉండేటట్లయితే రెండూ మూసేసి, మూడింట రెండు వంతులు నిండాక వదలండి. చలికాలం సంగతి వేరు. గడ్డ కట్టే చలిలో ఏ వాల్వూ తెరిచి ఉంచకూడదు. సన్నగా కారే నీళ్లు హోస్‌లో పొరలు పొరలుగా గడ్డకట్టి తెల్లారేసరికి దాన్ని పూర్తిగా మూసేస్తాయి.

మన వంట గురించి ఒక మాట. అమెరికన్ వంటింట్లో సింకులోకి పోయే సరుకుకూ మన సింకులోకి పోయేదానికీ పోలిక లేదు. పోపు నూనె, పేరుకునే నెయ్యి, బియ్యం కడిగిన నీళ్లు, చింతపండు పిప్పి, అడుగున దిగే ఆవాలు, కరివేపాకు ఈనెలు. బియ్యం కడిగిన నీళ్లలోని పిండి ఎండకు ట్యాంకులో పులుస్తుంది. ఆవాలూ ఈనెలూ పోయి వాల్వు బ్లేడు జారే గాడిలో ఇరుక్కుంటే వాల్వు పూర్తిగా మూసుకోదు, చుక్కచుక్కగా కారుతూనే ఉంటుంది. సన్నని కన్నాల జాలీ ఒకటి సింకులో పెట్టండి. గిన్నెల్ని కడిగే ముందు పేపర్ టవల్‌తో తుడిచి ఆ జిడ్డు చెత్తబుట్టలో వేయండి. గ్రే ట్యాంకు కోసం ఇంతకంటే చవకైన పని లేదు. నా మట్టుకు ఇది ఏ ఎంజైమ్ సీసా కంటే ఎక్కువ పని చేస్తుంది.

హుకప్ లేని చోట: టోటా, పంపా, బండి కదపడమా

నేషనల్ పార్కుల్లో సీవర్ కనెక్షన్ చాలా అరుదు. యెల్లోస్టోన్‌లో పూర్తి హుకప్‌లున్న క్యాంప్‌గ్రౌండ్ ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే. గ్రాండ్ కాన్యన్ పార్కు లోపల అయితే ట్రెయిలర్ విలేజ్ ఒక్కటే. మిగతా చోట్ల డంప్ స్టేషన్‌కి, అంటే ట్యాంకులు ఖాళీ చేసే చోటికి, మనమే నీళ్లు మోసుకెళ్లాలి. నేల మీద వదిలేద్దామంటే నేషనల్ పార్కుల్లో అది నిషేధం, ఫైన్ పడుతుంది. ఇతర ప్రభుత్వ భూముల్లో నియమాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. కాలిఫోర్నియా ప్లంబింగ్ నిబంధనలు వంటింటి సింకు నీళ్లను అసలు గ్రే వాటర్‌గానే లెక్కపెట్టవు. కాబట్టి ఎడారిలో పక్కవాడు వదులుతున్నాడని మీరూ వదలకండి.

మోటర్‌హోమ్ వాళ్లు ఇంజిన్ ఆన్ చేసి డంప్ స్టేషన్‌కి వెళ్లొస్తారు. ఫిఫ్త్ వీల్‌తో అది సగం రోజు పని. స్లయిడ్‌లు (బయటికి జరిపిన గది భాగాలు) మూయాలి, లోపలి సామాన్లు సర్దాలి, జాక్‌లు ఎత్తాలి, పికప్‌ని తగిలించాలి, వచ్చాక మళ్లీ లెవెల్ చేయాలి. వారంలో ఒక్కసారైతే సరే. ఇద్దరే ఉండి నీళ్లు పొదుపుగా వాడితే రెండు గ్రే ట్యాంకులు వారం దాకా వస్తాయి, వాళ్లు ఏమీ కొననక్కర్లేదు. తిరిగొచ్చేటప్పుడు పార్కు గేటు దగ్గరున్న డంప్ స్టేషన్‌లోనో, హైవే పక్క ట్రక్ స్టాపులోనో ఖాళీ చేసుకోవచ్చు.

పిల్లలతో వెళ్లేవాళ్లకు టోట్ ట్యాంకు కావాలి. చక్రాలున్న ప్లాస్టిక్ ట్యాంకు ఇది. బండి ట్యాంకులోంచి నీళ్లు దీనిలోకి వదిలి, పికప్ వెనక హిచ్‌కి తగిలించి డంప్ స్టేషన్‌కి లాక్కెళ్తారు. గంటకు ఐదు మైళ్లు మించకూడదు. ఫిఫ్త్ వీల్ వాళ్లకు ఇందులో ఒక సౌకర్యం ఉంది: సైటులో దిగాక పికప్ ఎలాగూ ఖాళీ. సైజులు 15 గ్యాలన్ల నుంచి 36 గ్యాలన్లు, ఆ పైన కూడా ఉంటాయి. నిండు 36 గ్యాలన్ల టోట్ 300 పౌన్ల బరువు. మట్టి రోడ్డు మీద చిన్న ప్లాస్టిక్ చక్రాల టోట్ నరకం చూపిస్తుంది. నాలుగు చక్రాలది, ముందు చక్రాలు తిరిగేది తీసుకోండి. మీ చిన్న గ్రే ట్యాంకు కంటే టోట్ కొంచెం పెద్దదిగా ఉంటే మంచిది. లేకపోతే నీళ్లు పారుతుండగా మధ్యలో వాల్వు మూయాల్సి వస్తుంది, అందులోనూ కేబుల్ వాల్వు బిగుసుకుపోయి ఉంటే ఇక చూడండి.

మాసరేటర్ పంపు ఇంకో దారి. ఇది 12 వోల్టుల పంపు. అవుట్‌లెట్‌కి తగిలిస్తే లోపలి బ్లేడ్లు గట్టి పదార్థాన్ని నలగ్గొట్టి, ముప్పావు అంగుళం తోట హోస్ గుండా కూడా పంపేస్తుంది. నిమిషానికి పది పన్నెండు గ్యాలన్లు, 15 నుంచి 20 ఆంపియర్ల కరెంటు. దీని బలం దూరం, ఎత్తు. సీవర్ గొట్టం బండి కంటే ఎత్తులో ఉన్నా, యాభై అడుగుల అవతల ఉన్నా పంపగలదు. ఇంటి డ్రైవ్‌వేలో బండి పెట్టి ఇంటి మురుగు లైనుకు ఉండే క్లీన్‌అవుట్ గొట్టంలోకి పంపడానికి దీన్ని మించింది లేదు. పికప్ వెనక బెడ్‌లో ట్యాంకు పెట్టుకుని నీళ్లు తరలించాలనుకుంటే పంపు తప్పనిసరి, ఎందుకంటే అవుట్‌లెట్ కంటే బెడ్ ఎత్తు. అయితే బెడ్‌లో ఫిఫ్త్ వీల్ హిచ్ కూర్చుని ఉంటుంది కాబట్టి ట్యాంకుకు మిగిలే చోటు ఎంతో ముందే కొలుచుకోండి.

పంపుకు ఒక బలహీనత ఉంది. నీళ్లు అయిపోయాక కూడా నడిస్తే లోపలి రబ్బరు ఇంపెల్లర్ కాలిపోతుంది. స్విచ్ వేసి పక్కవాళ్లతో కబుర్లకు వెళ్లే మనిషైతే టోటే నయం. టోట్‌లో పాడవడానికి చక్రాలు తప్ప ఏమీ లేవు. నా ఎంపిక: పార్కుల్లో తిరిగే కుటుంబానికి టోట్, సొంత స్థలంలోనో ఎవరి ఇంటి దగ్గరో ఎక్కువ కాలం పెట్టేవాళ్లకు పంపు. రెండూ కొనేవాళ్లు ఉన్నారు, ఒకటి ఎప్పుడూ స్టోరేజ్‌లోనే ఉంటుంది.

వాల్వు: కేబులా, కరెంటా, చేతి రాడ్డా

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సిన భాగం ఇదే, ఎవరూ పట్టించుకోనిదీ ఇదే.

ఫిఫ్త్ వీల్‌లో ట్యాంకు ఒకచోట, హ్యాండిల్ ఇంకోచోట ఉంటాయి. పక్కనున్న డాకింగ్ స్టేషన్ పెట్టెలో హ్యాండిల్ లాగితే, కేబుల్ బండి కింద పది అడుగులు వంపులు తిరిగి వెళ్లి వాల్వు బ్లేడును లాగుతుంది. కొత్తలో బాగానే ఉంటుంది. కేబుల్ తొడుగులోకి తేమ చేరి తుప్పు పట్టాక, లేదా వంపు మరీ ఇరుకుగా ఉంటే, హ్యాండిల్ బిగుస్తుంది. బలంగా లాగితే కేబుల్ తెగుతుంది. అప్పుడు బండి కింద పరిచిన ప్లాస్టిక్ షీటు కోయాలి, వాల్వు విప్పాలి, ట్యాంకు నిండుగా ఉంటే ఆ నీళ్లన్నీ మీ మీదే. డీలర్ షాపులో లేబరు గంటలకు ఎంత పడుతుందో ఒకసారి అడిగి చూడండి.

కేబుల్ స్థానంలో కొత్త కేబులే వేయించడం చవక, వంపులు తగ్గించి వేస్తే చాలా ఏళ్లు వస్తుంది. ఎలక్ట్రిక్ వాల్వు స్విచ్ నొక్కితే తెరుచుకుంటుంది, వయసు మళ్లినవాళ్లకు, చేతులు నొప్పులున్నవాళ్లకు హాయి. కానీ ఒక్కోదానికి వంద డాలర్ల పైనే అవుతుంది, బ్యాటరీ దిగినా ఫ్యూజ్ పోయినా మళ్లీ అదే షీటు కింద దూరాలి. మూడోది, ట్యాంకు అంచు దాకా చేయి అందే లేఔట్‌లో కేబుల్ పూర్తిగా తీసేసి నేరుగా రాడ్డుతో లాగే వాల్వు పెట్టుకోవడం. కుదిరితే ఇదే మేలు, ఇందులో చెడిపోయేది రబ్బరు సీలు మాత్రమే. చాలా ఫిఫ్త్ వీల్స్‌లో కుదరదన్నది చేదు నిజం.

ఏ వాల్వు ఉన్నా, అవుట్‌లెట్ చివర తిప్పి బిగించే రెండో గేట్ వాల్వు ఒకటి పెట్టండి. ఇది ఖరీదైనదేమీ కాదు, అమర్చడానికి పనిముట్లు అక్కర్లేదు. లోపలి వాల్వు కాస్త కారుతుంటే మూత విప్పగానే బూట్ల మీద పడే నీళ్లు దీని వల్ల ఆగుతాయి. అయితే దీన్ని నమ్ముకుని లోపలి వాల్వును బాగుచేయించకుండా వదిలేయకండి. లోపల కారేది బ్లాక్ వాల్వు అయితే మధ్య పైపులో మురుగు నిలిచిపోతుంది. వాల్వు షాఫ్ట్‌కి సిలికాన్ స్ప్రే వాడండి. పెట్రోలియం గ్రీజు రబ్బరును ఉబ్బించి పాడు చేస్తుంది.

కంపు కొడితే ముందు గాలి దారి చూడండి

ట్యాంకులో కంపు ఎప్పుడూ ఉంటుంది. అది ఇంట్లోకి వస్తోందంటే ఎక్కడో గాలి దారి తప్పిందన్నమాట. ట్యాంకులో పోసే మందు ఆ దారిని మూయదు.

సింకు కింద వంపు తిరిగిన పీ-ట్రాప్‌లో నిలిచే కాసిని నీళ్లే గ్యాసుకు అడ్డు. ప్రయాణంలో కుదుపులకు ఆ నీళ్లు చిందిపోతాయి, నెలల తరబడి స్టోరేజ్‌లో ఉంటే ఎండిపోతాయి. దిగగానే ప్రతి డ్రెయిన్‌లో గ్లాసు నీళ్లు పోస్తే సగం ఫిర్యాదులు తీరతాయి. చాలా ఫిఫ్త్ వీల్స్‌లో బెడ్‌రూమ్ అల్మారాలో వాషింగ్ మెషీన్ కోసం డ్రెయిన్ పైపు ముందే పెట్టి ఉంచుతారు. మెషీన్ పెట్టని ఇంట్లో ఆ ట్రాప్ ఎప్పటికీ ఎండే ఉంటుంది. బట్టల వెనక ఉంటుంది కాబట్టి ఎవరికీ గుర్తు రాదు. దాంట్లో కాస్త గులాబీ రంగు ఆర్వీ యాంటీఫ్రీజ్ పోయండి, లేదా మూత బిగించండి. యాంటీఫ్రీజ్ ఆవిరి కావడానికి నీళ్లకంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది.

పీ-ట్రాప్‌కి ప్రత్యామ్నాయం హెప్‌వో. నీళ్లు అవసరం లేని ట్రాప్ ఇది. లోపల సిలికాన్ పొర ఉంటుంది, నీళ్లు వస్తే విచ్చుకుంటుంది, ఆగగానే మూసుకుంటుంది. ఎండదు, చిందదు, అడ్డంగా కూడా అమర్చవచ్చు కాబట్టి షవర్ కింద చోటు లేనప్పుడు కంపెనీలే పెడుతుంటాయి. షవర్‌కి, బాత్రూమ్ సింకుకి హెప్‌వో మంచి ఎంపిక. వంటింటి సింకుకి మాత్రం నేను పీ-ట్రాప్‌నే ఉంచుతాను. మన జిడ్డు, మెతుకులు ఆ పొర పెదాల మీద పేరుకుంటే అది పూర్తిగా మూసుకోదు. పీ-ట్రాప్ అయితే విప్పి కడిగి మళ్లీ బిగించవచ్చు.

తర్వాత చూడాల్సింది సింకు కింద ఉండే గాలి వాల్వు. నీళ్లు దిగేటప్పుడు గాలిని లోపలికి పీల్చి, మిగతా సమయంలో మూసుకుని ఉండాలి. ఫ్యాక్టరీలో తరచుగా స్ప్రింగుతో పనిచేసే చవక రకం పెడతారు. దానిలోని రబ్బరు గట్టిపడ్డాక గ్యాసు బయటికి వస్తుంది. ఇళ్లలో వాడే, సొంత బరువుతో మూసుకునే డయాఫ్రమ్ రకం కొని మరతో బిగిస్తే పది నిమిషాల పని. కంపు సింకు కింద అల్మారా తలుపు తీసినప్పుడే ఎక్కువగా ఉంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

షవర్ వదిలితే సింకు గుడగుడమంటోందా? ట్యాంకు నుంచి పైకప్పుకి వెళ్లే వెంట్ పైపు కిందికి జారి ట్యాంకులో మరీ లోతుగా దిగి ఉండొచ్చు. నీటి మట్టం ఆ పైపు అంచును తాకగానే వెంట్ మూసుకుపోతుంది, గాలి ట్రాప్‌ల గుండా దారి వెతుక్కుంటుంది. పైకప్పు మూత తీసి పైపును కాస్త పైకి లాగి సీలు చేయడమే మందు. పైకప్పు మీద గాలికి తిరిగే వెంట్ మూతలు కూడా అమ్ముతారు. ఇవన్నీ సరిచేశాక కూడా ఇబ్బంది ఉంటేనే వాటి జోలికి వెళ్లండి. కిటికీలన్నీ మూసి పైకప్పు ఫ్యాన్ పెట్టకండి. ఫ్యాన్ గాలిని ఎక్కడో ఒకచోట నుంచి లాగాలి, అప్పుడు ఎండిన ట్రాప్ గుండా లాగుతుంది. పోపు పెట్టేటప్పుడు ఒక కిటికీ తెరవడం మర్చిపోకండి.

మందుల విషయం క్లుప్తంగా. ఎంజైమ్ రకం జిడ్డును నెమ్మదిగా విరుస్తుంది, వంటింటి ట్యాంకులో అప్పుడప్పుడు వాడొచ్చు. బ్లీచ్ వద్దు, ఎంజైమ్‌ని చంపుతుంది, పదే పదే పోస్తే సీళ్లకూ మంచిది కాదు. ఫార్మాల్డిహైడ్ ఉన్నవి సెప్టిక్ ట్యాంకు మీద నడిచే క్యాంప్‌గ్రౌండ్లలో పోయకూడదు.

సెన్సర్లు, చలి

ఫ్యాక్టరీ సెన్సర్ ట్యాంకు గోడలోంచి దూరిన స్క్రూ లాంటి లోహపు పుల్ల. దాని మీద జిడ్డు పొర పట్టాక ట్యాంకు ఖాళీగా ఉన్నా మూడింట రెండు వంతులు నిండిందని చూపిస్తుంది. బయటి గోడకు అంటించే సీలెవెల్ లాంటి సెన్సర్లు లోపలి జిడ్డుతో సంబంధం లేకుండా శాతంలో చూపిస్తాయి. హుకప్ పార్కుల్లోనే ఉండేవాళ్లకు ఈ ఖర్చు దండగ. అరిజోనాలోని క్వార్ట్‌సైట్ లాంటి ఎడారి క్యాంపుల్లో వారాలు గడిపేవాళ్లకు మాత్రం పనికొస్తుంది, వాళ్లకు ప్రతి గ్యాలనూ లెక్కే.

చలి ప్రాంతాల్లో తిరిగేవాళ్లు ‘ఫోర్ సీజన్’ అనే స్టిక్కర్ చూసి మురిసిపోకూడదు. బండి అడుగు మూసి ఫర్నేస్ వేడి గాలి పంపే ఏర్పాటు ట్యాంకును కాపాడవచ్చు, కానీ వెనక వంటింటి వాల్వు దాకా ఆ వేడి వెళుతుందా అన్నది అడగాలి. వెళ్లకపోతే ట్యాంకుకూ వాల్వు దగ్గరి పైపు వంపుకూ హీట్ ప్యాడ్ వేయించాలి. 12 వోల్టుల ప్యాడ్ బ్యాటరీని తాగేస్తుంది కాబట్టి కరెంటు హుకప్ ఉండేవాళ్లు 120 వోల్టులది తీసుకోవడం నయం. శీతాకాలంలో బండి పక్కన పెట్టేటప్పుడు ట్యాంకులు ఖాళీ చేసి, ట్రాప్‌లన్నిటిలో, ఆ అల్మారా డ్రెయిన్‌తో సహా, గులాబీ యాంటీఫ్రీజ్ పోయాలి. కార్లలో పోసే ఆకుపచ్చది విషం, అది వద్దు.

డబ్బు కట్టే ముందు

డీలర్ దగ్గర బండి అప్పగించే ముందు చేసే తనిఖీలో లైట్లు, స్లయిడ్‌లు, ఏసీ చూపిస్తారు. మీరు వెళ్లేసరికి గ్రే ట్యాంకులు రెంటిలో మూడింట రెండు వంతులు నీళ్లు నింపి ఉంచమని ముందు రోజే ఫోన్ చేసి చెప్పండి. వెళ్లాక ముందు బండి కింద షీటు ఎక్కడైనా ఉబ్బి ఉందా చూడండి, ఉంటే లోపల కారుతున్నట్టే. అవుట్‌లెట్ మూత విప్పండి, ఒక్క చుక్క కూడా రాకూడదు. ప్రతి హ్యాండిల్ మీరే లాగి చూడండి, సేల్స్‌మన్ లాగింది లెక్కలోకి రాదు. ఒక్కో ట్యాంకు వదిలినప్పుడు నీళ్లు ఏ అవుట్‌లెట్ నుంచి వస్తున్నాయో, పార్కు సైటులో సీవర్ గొట్టం మామూలుగా ఉండే ఎడమ వైపు వెనక భాగానికి అది ఎంత దూరమో చూసుకుని, హోస్ పొడవు అక్కడే లెక్కేయండి. కారుతున్నదీ బిగుసుకున్నదీ ఏదైనా ఉంటే బాగుచేశాకే సంతకం పెడతామని చెప్పండి. సీజన్‌లో బండి ఇంటికి తెచ్చాక వారంటీ కింద తిరిగి సర్వీసుకి ఇస్తే వారాలు పట్టవచ్చు.